రిలేషనల్ డేటాబేస్ పితామహుడు ఎడ్గర్ కాడ్

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవిత చరిత్రలు రాయడం సీనియర్లు పెట్టిన ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, జాషువా, అబ్దుల్ కలాం గార్ల గురించి పాత సంచికల్లో ఎన్నోసార్లు చదువుకున్నాం. ఈసారి కంప్యూటర్ గ్రూపు తీసుకున్న మేము నలుగురం కలిసి, మన సంచికలో ఇంతవరకు రాని ఒక పేరు తీసుకున్నాం. మనలో చాలామందికి ఈ పేరు తెలియదు. కానీ మన స్కాలర్‌షిప్ దరఖాస్తు, బస్ పాస్, రైలు రిజర్వేషన్, పరీక్షల మార్కులు, బ్యాంకు ఖాతా ఇలాంటివన్నీ ఇప్పుడు ఎక్కువగా ఈయన చూపిన పద్ధతిలోనే కంప్యూటర్లలో భద్రమై ఉంటున్నాయి.

ఈ పేరు ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. మా నలుగురిలో ఒకరి ఇంటిపేరు టెన్త్ మెమోలో ఒకలా ఉంది, కులధ్రువీకరణ పత్రంలో ఇంకోలా ఉంది, బ్యాంకు పాస్‌బుక్కులో మూడో రకంగా ఉంది. తేడా ఒక్క ఇంగ్లీషు అక్షరమే. ఆ ఒక్క అక్షరానికి ఒక ఏడాది స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఒక ఆఫీసులో మెమో తెమ్మన్నారు, ఇంకో ఆఫీసులో అఫిడవిట్ తెమ్మన్నారు. వాళ్ళ నాన్న కూలి పని మానుకుని ఆరుసార్లు తిరిగారు. మనిషి ఒక్కడే, పేరు మాత్రం మూడుచోట్ల మూడు రకాలు. డేటాబేస్ పాఠం మొదలైనప్పుడు మాకు తెలిసింది, ఈ జబ్బుకు పేరు ఉందని, దానికి మందు వెదికిన మనిషి కూడా ఉన్నారని.

ఆయన పూర్తి పేరు ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్. దగ్గరివాళ్ళు టెడ్ అని పిలిచేవారు. 1923 ఆగస్టు 19న ఇంగ్లండు దక్షిణ తీరంలో డోర్సెట్ జిల్లాకు చెందిన పోర్ట్‌లాండ్ అనే దీవిలో జన్మించారు. భవనాలకు వాడే తెల్లరాయి గనులకు ఆ దీవి ప్రసిద్ధి. తండ్రిది తోలు తయారీ వ్యాపారం, తల్లి ఉపాధ్యాయురాలు. ఏడుగురు సంతానంలో ఈయనే ఆఖరివారు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో గణితం, రసాయన శాస్త్రం చదువుతుండగా రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తోంది. చదువుకుంటున్నవారు కాబట్టి సైన్యంలో చేరడం వాయిదా వేసుకునే వీలుంది. అయినా 1942లో తనంతట తానే రాయల్ ఎయిర్ ఫోర్సులో చేరారు. సముద్ర తీరాన్ని కాపలా కాసే దళంలో, నీటి మీద దిగే సండర్లాండ్ అనే పెద్ద విమానాలు నడిపారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి చదువు పూర్తి చేశారు.

1948లో అమెరికా వెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, యుద్ధ విమానం నడిపిన మనిషి న్యూయార్కులోని మేసీస్ అనే పెద్ద దుకాణంలో మగవాళ్ళ ఆటదుస్తులు అమ్మారంటే మొదట మేము నమ్మలేదు. సెలవుల్లో బట్టల షాపుల్లో పనిచేసే మన జూనియర్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాం. తర్వాత కొన్నాళ్ళు టెనెసీ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, 1949లో ఐ.బి.ఎం. సంస్థలో ప్రోగ్రామరుగా చేరారు. అక్కడ ఎస్.ఎస్.ఇ.సి. అనే యంత్రానికి ప్రోగ్రాములు రాశారు. వేల కొద్దీ వాక్యూమ్ ట్యూబులతో ఒక పెద్ద హాలంతా నిండి ఉండే ఆ యంత్రాన్ని న్యూయార్కు వీధిలో నడిచేవాళ్ళు అద్దాల్లోంచి చూస్తూ నిలబడేవారట.

1953లో ఆయన అమెరికా వదిలి కెనడా వెళ్ళిపోయారు. జీతం కోసం కాదు. అప్పట్లో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టులనే ముద్ర వేసి ఎందరినో విచారణలకు ఈడ్చి, ఉద్యోగాలు పోగొట్టే వాతావరణం సృష్టించారు. అది సహించలేక కాడ్ దేశమే మారారు. ఒట్టావాలో నాలుగేళ్ళు పనిచేసి 1957లో మళ్ళీ ఐ.బి.ఎం.కు వచ్చారు. స్ట్రెచ్ అనే కంప్యూటరు మీద ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపే విధానంపై పనిచేశారు. నలభై ఏళ్ళకు దగ్గరపడిన వయసులో సంస్థ ఇచ్చిన సహాయంతో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరి డాక్టరేటు సాధించారు. తనను తాను తయారు చేసుకోగల యంత్రం సాధ్యమేనని చూపడానికి వాన్ నాయ్‌మన్ 29 స్థితులున్న గడులు వాడితే, కాడ్ 8 స్థితులతోనే అది కుదురుతుందని చూపారు. మాకు ఇందులో పూర్తిగా అర్థమైంది తక్కువే. పెద్ద లెక్కను తక్కువ సామానుతో చేయడం ఆయన అలవాటు అని మాత్రం తెలిసింది.

ఆ తర్వాత కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనశాలకు మారారు. ఆయన పేరు నిలబెట్టిన పని అక్కడే జరిగింది.

అప్పటికి కంప్యూటర్లలో సమాచారం ఎలా ఉండేదో మన హాస్టల్ ఉదాహరణతో చెబుతాం. ఒక పెద్ద చెట్టు ఊహించుకోండి. మొదలు జిల్లా. జిల్లా కింద హాస్టళ్ళు, హాస్టల్ కింద గదులు, గది కింద విద్యార్థులు. ఏడో నంబరు గదిలో ఎవరున్నారో తెలుసుకోవాలంటే పైనుంచి కొమ్మ పట్టుకుని దిగితే చాలు, క్షణంలో దొరుకుతుంది. కానీ ఒకే ఊరి నుంచి వచ్చిన పిల్లలందరి పేర్లు కావాలంటే ప్రతి కొమ్మా ఎక్కి దిగాలి. ఆ ఎక్కే దారిని ప్రోగ్రాం రాసేవాడే స్వయంగా రాసుకోవాలి. రేపు వార్డెన్ గారు గదుల వారీగా కాకుండా తరగతుల వారీగా పిల్లలను సర్దారనుకోండి, పాత ప్రోగ్రాములన్నీ పనికిరాకుండా పోతాయి. ఐ.బి.ఎం. వారి ఐ.ఎం.ఎస్. ఈ చెట్టు పద్ధతిదే. చంద్రుడి మీదకు మనిషిని పంపిన అపోలో పథకానికి కావలసిన విడిభాగాల జాబితాల కోసం అది పుట్టింది, 1968 నుంచి వాడుకలోకి వచ్చింది. చార్లెస్ బాక్‌మన్ గారి పద్ధతిలో చెట్టుకు బదులు వల ఉండేది. అందులోనూ ముడి నుంచి ముడికి ప్రోగ్రామరే దారి వెతుక్కుంటూ పోవాలి.

కాడ్ 1969లో సంస్థ లోపల ఒక నివేదిక రాశారు. ఒకే విషయం పలుచోట్ల ఉండటం, వాటి మధ్య పొంతన అనే రెండు మాటలూ ఆ నివేదిక శీర్షికలోనే ఉన్నాయి. మా మిత్రుడి ఇంటిపేరు బాధ అదే కదా! 1970 జూన్‌లో ఆ ఆలోచనను విస్తరించి ఏ.సి.ఎం. పత్రికలో ప్రచురించారు. విడిభాగాలు, ప్రాజెక్టులు అనే చిన్న ఉదాహరణ తీసుకుని, అదే సమాచారాన్ని అయిదు రకాల చెట్లుగా పేర్చవచ్చని, ఒక పేర్పుకు రాసిన ప్రోగ్రాం మిగతా వాటికి సరిపోదని అందులో చూపించారు. ప్రోగ్రాము మూడు విషయాల మీద ఆధారపడకూడదన్నారు. సమాచారం ఏ వరుసలో పేర్చి ఉంది, దానికి సూచిక ఉందా లేదా, దాన్ని చేరే దారి ఏది. ఈ మూడూ యంత్రం చూసుకోవాలి. అడిగేవాడు ఏం కావాలో అడిగితే చాలు.

ఇందుకు ఆయన ఎంచుకున్నది పట్టిక. మన హాజరు పట్టీ లాంటి మామూలు పట్టికే. గణితంలో ఇంటర్లో మనం చదివే సమితులు, సంబంధాలు ఉన్నాయి చూడండి, ఆ సంబంధం అనే మాట నుంచే రిలేషనల్ అన్న పేరు వచ్చింది. విద్యార్థుల పట్టికలో ప్రతి విద్యార్థికి ఒక్క అడ్డు వరుస, ప్రతి ఒక్కరికి ఒక ప్రత్యేక సంఖ్య. దాన్ని ప్రైమరీ కీ అంటారు. మెస్ హాజరు పట్టికలో, లైబ్రరీ పట్టికలో పేరు మళ్ళీ రాయరు, ఆ సంఖ్య మాత్రమే వేస్తారు. అది అక్కడ ఫారిన్ కీ. పేరు ఒక్కచోటే ఉంటుంది కాబట్టి అక్షరం తప్పు పోయినా ఒక్కచోట దిద్దితే అంతటా దిద్దినట్టే. తర్వాతి రెండేళ్ళలో ఏ పట్టికలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అనే నార్మల్ ఫారాలు కూడా రాశారు. పరీక్షలో ఎనిమిది మార్కులకు వచ్చే ప్రశ్న అదే. మేము బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, పాస్‌బుక్కు గొడవ వచ్చేదాకా అది ఎందుకో మాకు తలకెక్కలేదు.

సంస్థ ఈ ఆలోచనకు వెంటనే చేతులు చాచలేదు. ఐ.ఎం.ఎస్. బాగా అమ్ముడుపోతోంది. ఉన్న సరుకుకు పోటీగా కొత్త సరుకు తేవడం ఏ వ్యాపారికి ఇష్టం ఉంటుంది? పట్టికల పద్ధతి కాగితం మీద బాగుంటుంది గానీ యంత్రం మీద నత్తనడక నడుస్తుందని చాలామంది వాదించారు. 1974లో ఆన్ ఆర్బర్‌లో జరిగిన సమావేశంలో కాడ్, బాక్‌మన్ ఎదురెదురుగా చర్చకు నిలిచారు. ఆ పాటికి శాన్ హోసేలోనే సిస్టం ఆర్ అనే ప్రయోగం మొదలైంది. డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు యువకులు కాడ్ గణితాన్ని మామూలు ఇంగ్లీషు మాటల్లోకి దించి సీక్వెల్ అనే భాష తయారు చేశారు. బాయిస్ అదే ఏడాది చిన్న వయసులోనే మెదడులో రక్తనాళం చిట్లి మరణించారు. ఆ భాషను ఎంతమంది వాడబోతారో ఆయన చూడలేదు. ఒక విమాన సంస్థకు ఆ పేరు మీద హక్కు ఉండటంతో సీక్వెల్‌ను కుదించి ఎస్.క్యూ.ఎల్. అన్నారు.

బయటివాళ్ళు ముందు పరిగెత్తారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్, వాంగ్ గార్లు ఇన్‌గ్రెస్ తయారు చేశారు. లారీ ఎలిసన్ బృందం ప్రచురితమైన పరిశోధనా పత్రాలు చదువుకుని 1979లో ఒరాకిల్‌ను అమ్మకానికి పెట్టింది. ఐ.బి.ఎం. సొంత సరుకు ఎస్.క్యూ.ఎల్./డి.ఎస్. 1981లో, డి.బి.2 1983లో వచ్చాయి. పుట్టినింటి కన్నా ముందే పక్కింట్లో పండగ జరిగిందన్నమాట. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో నోబెల్ బహుమతి అంతటిది అది.

ఇక మేము ఈ వ్యాసం రాయడానికి రెండో కారణం. ఈ ఏడాది మేము కాలేజీ ల్యాబులో జావాతో మన హాస్టల్ పిల్లల జాబితా ప్రోగ్రాం ఒకటి రాశాం. గది నంబరు, ట్రంకు పెట్టె నంబరు, ఊరు, ఇంటి ఫోను నంబరు అందులో ఉంటాయి. పోయిన వానాకాలం ఒక తమ్ముడికి అర్ధరాత్రి జ్వరం ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళింటి ఫోను నంబరు రిజిస్టరులో వెతకడానికి మాకు గంట పట్టింది. దొరికిన నంబరు పాతది. అప్పుడే అనుకున్నాం ఈ ప్రోగ్రాం రాయాలని.

ప్రోగ్రాం రాయడం తేలికే అయింది. దాన్ని మై ఎస్.క్యూ.ఎల్. డేటాబేసుకు కలపడానికి మూడు రోజులు పట్టింది. 1970 నాటి కాడ్ పత్రంలోనే దీని మూలం ఉందని తర్వాత తెలిసింది. ప్రోగ్రాం రాసే భాష వేరు, డేటాను అడిగే భాష వేరు అని ఆయన అప్పుడే అన్నారు. మొదటిది ఇంటి యజమాని, రెండోది ఆ ఇంట్లో దిగిన చుట్టం. జావా యజమాని, ఎస్.క్యూ.ఎల్. చుట్టం. ఇద్దరికీ మాట కలపడానికి ఒక దుబాసీ కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు. జావా వాళ్ళు ఈ ఏర్పాటును జె.డి.బి.సి. పేరుతో 1997లో తెచ్చారు. అంతకు ముందు 1992లో మైక్రోసాఫ్ట్ ఓ.డి.బి.సి. తెచ్చింది.

మొదటి రోజు తగిన డ్రైవరు లేదని వచ్చింది. డ్రైవరు ఫైలు దించుకున్నాం గానీ ప్రోగ్రాముకు దాని దారి చూపలేదు. చూపాక సంబంధం తెగిందని వచ్చింది. డేటాబేసు సర్వరే ఆన్ చేయలేదు! ఆన్ చేశాక అనుమతి లేదని వచ్చింది, పాస్‌వర్డులో పెద్ద అక్షరం బదులు చిన్న అక్షరం కొట్టాం. విసుగొచ్చినా ఒకటి గమనించాం. ప్రతి తప్పు ఒక్కో గుమ్మం. డ్రైవరు, సర్వరు చిరునామా, 3306 అనే పోర్టు నంబరు, డేటాబేసు పేరు, వాడుకరి పేరు, పాస్‌వర్డు. తప్పు మాట మారిందంటే ఒక గుమ్మం దాటినట్టే. జూనియర్లు తప్పు రాగానే మొత్తం చెరిపి మళ్ళీ మొదలుపెట్టకండి, ముందు వచ్చిన మాట చదవండి.

రెండో రోజు కనెక్షన్ కుదిరింది గానీ జాబితా రాలేదు. ఎస్.క్యూ.ఎల్. జవాబు మొత్తం ఒక గంగాళంలా తెచ్చి పెడుతుంది, జావా మాత్రం గరిటెతో ఒక్కొక్క వరుసే తీసుకుంటుంది. ఆ గరిటె మొదటి వరుసకు ముందు ఆగి ఉంటుంది. ముందుకు జరగమని ఒకసారి చెబితే గానీ మొదటి పేరు రాదు. తర్వాత పేర్లు ఎక్కించేటప్పుడు సరిగ్గా 151 దగ్గర ఆగిపోయింది. ప్రతి పేరుకూ కొత్త కనెక్షన్ తెరిచి, మూయడం మరిచాం. మై ఎస్.క్యూ.ఎల్. మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లే ఇస్తుంది. మంచినీళ్ళ దగ్గర అందరూ కుళాయి తిప్పి వదిలేసినట్టు చేశాం.

మూడో రోజు రిమార్కుల గడిలో ఒకతను ఇంగ్లీషులో ఫాదర్స్ నంబర్ అని పైకామాతో కొట్టాడు. ఎస్.క్యూ.ఎల్.కు ఆ పైకామా అంటే మాట ముగిసిందని అర్థం. వాక్యం అక్కడే తెగింది. మేము గడిలో టైపు చేసినదాన్ని నేరుగా వాక్యానికి అతికించడమే పొరపాటు. దొంగలు కూడా ఈ కన్నం గుండానే డేటాబేసుల్లో దూరి తమకు కావలసిన ఆజ్ఞలు ఎక్కిస్తారని మా లెక్చరరు చెప్పారు. వాక్యంలో విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి ముందే సిద్ధం చేసుకుని, విలువను విడిగా పంపితే ఏ పైకామా ఏమీ చేయలేదు. అప్పటి నుంచి ప్రోగ్రాంలో ప్రతి చోటా అలాగే రాశాం.

కాడ్ జీవితంలో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసిన విషయం ఖాళీ గడి. తెలియని విలువకు సున్నా వేయకూడదు, ఖాళీ అక్షరం వేయకూడదు, దానికి నల్ అని వేరే గుర్తు ఉండాలి అన్నారు. 1985లో రాసిన నియమాల్లో ఇదొకటి. వాటిని పన్నెండు అంటారు గానీ సున్నా నుంచి లెక్కపెడతారు కాబట్టి పదమూడు. తర్వాత 1990లో వచ్చిన పుస్తకంలో ఇంకో అడుగు వేశారు. విలువ ఉంది గానీ మనకు తెలియదు అనేది ఒక గుర్తు, ఆ గడి ఆ మనిషికి అసలు వర్తించదు అనేది ఇంకో గుర్తు. ఎస్.క్యూ.ఎల్. ఈ తేడాను తీసుకోలేదు. లెక్క మరీ చిక్కుపడుతుందని ఆయన సహచరుడు క్రిస్ డేట్ గారే నల్‌ను వ్యతిరేకించారు. వాళ్ళ వాదంలో ఎవరిది సరైనదో చెప్పేంత చదువు మాకు లేదు. కానీ మన హాస్టల్లో తండ్రి ఫోను నంబరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో ఆరుగురు నంబరు ఇవ్వడం మరిచినవాళ్ళు. అయిదుగురికి తండ్రి లేరు. కంప్యూటరు తెర మీద పదకొండూ ఒకేలా కనిపించాయి. నంబరు ఇవ్వనివాళ్ళు రేపటిలోగా ఇవ్వాలని నోటీసు బోర్డులో పదకొండు పేర్లూ పెట్టేశాం. ఒక తమ్ముడు ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నోటీసు తీసేసి, అతని దగ్గర కూర్చుని తప్పు ఒప్పుకున్నాం. తర్వాత పట్టికలో సంరక్షకుడు అని గడి పెట్టి, వాళ్ళకు ఎవరు చుట్టమైతే వాళ్ళ పేరు, నంబరు రాశాం.

ఎస్.క్యూ.ఎల్. లోకమంతా పాకినా కాడ్ దానితో తృప్తి పడలేదు. ఒకే వరుస రెండుసార్లు ఉండనివ్వడం లాంటివి తన గణితానికి విరుద్ధమని విమర్శిస్తూనే ఉన్నారు. 1984లో ఐ.బి.ఎం. వదిలి, డేట్ గారితో కలిసి సలహా సంస్థ నడిపారు. 1993లో వ్యాపార లెక్కల విశ్లేషణకు ఓలాప్ అనే పేరు పెట్టారు. ఆ పత్రానికి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బు ఇచ్చిందని తెలిసి విమర్శలూ వచ్చాయి. పెద్దవాళ్ళ జీవితంలో ఇలాంటివి దాచకూడదని రాస్తున్నాం.

ఆయనకు మొదటి భార్య ద్వారా నలుగురు పిల్లలు. రెండో భార్య షారన్ కూడా గణితం చదివినవారే, డేటాబేస్ పనిలో ఆయనతో కలిసి నడిచారు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని విలియమ్స్ ఐలండ్‌లో తమ ఇంట్లో గుండె జబ్బుతో కన్నుమూశారు. అప్పటికి 79 ఏళ్ళు.

మన జాబితా ఇప్పుడు ఆఫీసు గదిలోని కంప్యూటరులో ఉంది. వార్డెన్ గారు, వాచ్‌మన్ అన్న ఇద్దరూ చూడగలరు. గది నంబరు కొట్టినా, ఊరి పేరు కొట్టినా ఇంటి ఫోను నంబరు క్షణంలో వస్తుంది. మా మిత్రుడి ఇంటిపేరు అందులో ఒక్కచోటే ఉంది, టెన్త్ మెమోలో ఉన్నట్టు. పాస్‌బుక్కులో పేరు మార్చమని బ్యాంకులో పెట్టిన అర్జీ మాత్రం ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి ఇంకా తేలలేదు.